శనివారం దాకా

మూడు రోజులైంది. రావట్లేదు.
క్రాంకు ముక్కున కూచున్న చిన్న పళ్లచక్రం
ఉడుంపట్టు పట్టింది.
పైసాందూలో జూలై అంటే ఎముకలు కొరికే చలి,
నది మీది గాలి షెడ్డు రేకుల కింద దూరి
స్పానర్లని మంచుకడ్డీలు చేసి పెడుతుంది.
బల్ల మీద ఇంజను,
నాకంటే ఏడాది పెద్దదైన పెజో గుండెకాయ,
గొలుసు ఊడదీసుకుని, నోరు తెరుచుకుని.

మొదటిరోజు కిరసనాయిలు పోశాం, బతిమాలాం.
రెండోరోజు పుల్లర్ బిగించాం.
దాని గోళ్లు రెండుసార్లు జారి
రెండోసారి నా మెటికల తోలు పట్టుకుపోయాయి.
చక్రం కిమ్మనలేదు.

"ఎవడో అడ్డగాడిద దీన్ని సుత్తితో దిగ్గొట్టాడు"
అన్నాను యమీలాతో.
పనికి చేరి నాలుగు నెలలైన పిల్ల,
నేను తిట్టే ప్రతి తిట్టూ
టార్క్ లెక్కల పక్కనే రాసుకుంటుంది.
"చూడు, అంచు ఎలా నలిగిందో.
ఇలాంటివాళ్ల చేతికి స్క్రూడ్రైవరు కూడా ఇవ్వకూడదు."
మాతే బుర్ర నా చేతికిచ్చి
తను టార్చి అందుకుంది.

మంటని చక్రం మీదే తిప్పాలి, షాఫ్టుకి తగలనీకూడదు.
ఇనుము గడ్డి రంగుకి తిరిగింది.
పుల్లర్ బోల్టు మీద ఒక్క దెబ్బ,
గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు.

టప్‌మంది.

పక్క దుకాణంలో రొట్టెలమ్మే ఆవిడ కూడా
తల బయటపెట్టి చూసింది.

చక్రం పటకారులో పొగలు కక్కుతోంది.
గాడిలో మిగిలింది కీ,
అరచంద్రం ముక్కలా ఉండాల్సింది.
కాదది.
రంపపు బ్లేడు విరిచి, రెండు పొరలు కలిపి,
ఆకురాయితో అరగదీసిన కీ.
గీతలన్నీ కుడి నుంచి కిందికి వాలాయి,
ఎడమచేతి వాటం.

ఈ ఊళ్లో నన్నెవరూ అసలు పేరుతో పిలవరు.
సుర్దో అంటారు. ఎడమచేతోడా అని.

పంతొమ్మిదేళ్లు నాకు.
దేశంలో విడిభాగాలు లేవు, జీతాలూ లేవు.
ఇద్యార్తె షెడ్డులో ఆయన కళ్లద్దాలు పైకి తోసి
"శనివారం దాకా నడిస్తే చాలు" అన్నాడు.
అరగదీశాను. దిగ్గొట్టాను.
నడిచింది
ముప్పైయొక్క ఏళ్లు.

కాని పల్చటి కీ గాడిలో ఒక వెంట్రుకవాసి ఒరిగేది.
ఆ వెంట్రుకవాసికి
వాల్వులు కాస్త ఆలస్యంగా తెరుచుకునేవి.
బండి తెచ్చినరోజు నయీర్ ఒలివేరా
స్టీరింగు నిమురుతూ చెప్పింది:
"ఎత్తు ఎక్కాలంటే దీనికి ఆయాసం.
మావారు పోయేదాకా అనేవారు,
దాన్నేమీ అనకు, దాని స్వభావమే అంత అని."

"ఏ గాడిద పనో తెలిసిందా?" యమీలా పుస్తకం తెరిచింది.
పెన్ను మూత తీసింది.
"తెలిసింది" అన్నాను.
ఆపైన నోరు పెగల్లేదు.

పాత గిన్నెలో నూనె కాచాం.
కొత్త చక్రాన్ని అందులో ఇరవై నిమిషాలు ఉంచాం,
గారెలా వేగుతుందని పిల్ల నవ్వలేదు,
దానికి గారెలు తెలియవు; దాని భాషలో
ఇంకేదో వంట పేరు చెప్పి నవ్వింది.
కొత్త కీ గాడిలో కూర్చుంది, నిండుగా.
ఇక రెండే క్షణాలు.
సగంలో ఆగిందా, మళ్లీ మూడు రోజులు.
నేను పటకారు యమీలాకిచ్చాను.

జారింది. వెన్నలోకి చెంచాలా.
చివర చిన్న చప్పుడు, ఇల్లు చేరి చెప్పులు విడిచినట్టు.

చుక్కకి చుక్క కలిపి గొలుసు వేశాం.
రెండు చుట్లు చేత్తోనే తిప్పాం, ఊపిరి బిగబట్టి.
ఎక్కడా ఏదీ తగల్లేదు.
చుక్కలు మళ్లీ ఎదురుబొదురు నిలబడ్డాయి.

బిల్లులో కూలి రాయాల్సిన గడి
ఖాళీగా వదిలేశాను.
నయీర్‌కి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.
ఈ బండి ఇక ఎత్తులు సునాయాసంగా ఎక్కుతుంది;
ఆవిడకది కొత్త మనిషిలా అనిపిస్తుందేమో,
నచ్చకపోవచ్చు కూడా.

బ్లేడు ముక్క నా జేబులో ఉంది.
రేపు శనివారం.